జావాలో పల్లెటూరు చూడాలంటే: సెంబుంగన్, దాని చుట్టూ డియెంగ్

మీరు అడిగింది ఇదీ: ఆఫీసు పనిమీద జకార్తా వస్తున్నారు, నాలుగైదు రోజులు సెలవు కలిసొస్తుంది, బాలీ వద్దు, జావాలోనే ఒక పల్లెటూరు చూడాలి. ఎవరో డియెంగ్ వెళ్ళమన్నారు, అక్కడ పాండవుల గుళ్ళున్నాయన్నారు, సెంబుంగన్ అనే ఊరి పేరు చెప్పారు. అక్కడివాళ్ళు హిందువులేనా, ఏం పండిస్తారు, ఎలా బతుకుతారు, పిల్లల్ని తీసుకెళ్ళొచ్చా అన్నవి మీ ప్రశ్నలు. నేను మధ్య జావాలో చాలా ఏళ్ళుగా ఉంటున్నాను. నా పని నేల కోత మీద, నదుల పరీవాహక ప్రాంతాల మీద. అందుకని గుళ్ళ కంటే మట్టి గురించి ఎక్కువ మాట్లాడతాను, ఓపిక పట్టండి.

తప్పకుండా వెళ్ళండి. కాకపోతే అక్కడికి వచ్చేవాళ్ళలో ఎక్కువమంది తెల్లవారుజామున మూడింటికి లేచి సికునిర్ గుట్ట ఎక్కుతారు, సూర్యోదయం ఫొటోలు తీసుకుంటారు, గుళ్ళ దగ్గర గంటసేపు తిరుగుతారు, మధ్యాహ్నానికల్లా కొండ దిగిపోతారు. అలా చూస్తే సెంబుంగన్ మీకు ఒక పార్కింగ్ స్థలంగానే గుర్తుంటుంది. ఆ ఊరు బతికేది బంగాళదుంప మీద. ఇళ్ళు, అప్పులు, పెళ్ళిళ్ళు, హజ్ యాత్రలు, ఏటేటా కొట్టుకుపోతున్న కొండవాలు, అన్నీ దాని చుట్టూనే తిరుగుతాయి.

ఎక్కడుందో ముందు చెప్తాను. మధ్య జావాలో ఉత్తర తీరాన సెమరాంగ్, దక్షిణాన యోగ్యకర్త. ఈ రెంటికీ పడమరగా లోపలి కొండల్లో వొనొసొబొ అనే పట్టణం ఉంది. అక్కడి నుంచి డియెంగ్‌కు 26 కిలోమీటర్లు. వొనొసొబొ దాదాపు 770 మీటర్ల ఎత్తులో ఉంటే డియెంగ్ 2,000 దాటుతుంది. సెంబుంగన్ ఇంకా పైన, 2,300 మీటర్ల దగ్గర, అంటే మన ఊటీ ఎత్తు. జావా దీవిలోకెల్లా ఎత్తయిన ఊరు మాదేనని అక్కడివాళ్ళు బోర్డు కట్టి మరీ చెప్పుకుంటారు. పాలనాపరంగా అది వొనొసొబొ జిల్లా, కెజాజర్ మండలంలోని ఊరు. డియెంగ్ పీఠభూమి మాత్రం ఒక్క జిల్లాది కాదు. రోడ్డుకు ఇటువైపు వొనొసొబొ, అటువైపు బంజర్‌నెగర. రంగుల సరస్సు తెలగ వర్ణ ఒక జిల్లాలో ఉంటే, కూతవేటు దూరంలోని గుళ్ళు ఇంకో జిల్లాలో ఉంటాయి. టిక్కెట్లు కూడా వేర్వేరు. అక్కడ జనం విసుక్కునే విషయాల్లో అదొకటి.

ఈ ఎత్తులో, ఇంత వాలులో ఎందుకు సాగు చేస్తున్నారని మీకు అనిపించొచ్చు. 2020 జనాభా లెక్కల ప్రకారం ఇండొనేషియా మొత్తం 27 కోట్లయితే అందులో 15 కోట్ల మంది జావాలోనే ఉన్నారు. దీవి విస్తీర్ణం మన ఆంధ్రప్రదేశ్ కంటే తక్కువ. కింద వరి మడులన్నీ ఎప్పుడో నిండిపోయాయి. వొనొసొబొ నుంచి పైకి వెళ్ళే దారిలో ఆ ఒత్తిడి కంటికి కనిపిస్తుంది. మొదట వరి, కొబ్బరి, తర్వాత సిందొరొ అగ్నిపర్వతం అంచున తాంబి తేయాకు తోటలు, పొగాకు, ఆ పైన ఇక క్యాబేజీ, ఉల్లికాడలు, బంగాళదుంప. కొండ శిఖరం దాకా చాళ్ళే. చెట్టు కనిపిస్తే అది సమాధుల దగ్గరో, నిట్టనిలువు వాలులోనో ఉంటుంది.

ఒక తరం కిందట ఇలా లేదు. పెద్దవాళ్ళను కదిలిస్తే మొక్కజొన్న అన్నం తిన్న రోజుల గురించే చెప్తారు. ఆరబెట్టిన మొక్కజొన్నను రవ్వలా దంచి ఆవిరి మీద వండేవాళ్ళు. చేతిలో నాలుగు డబ్బులు ఆడాలంటే పొగాకు. 1980ల్లో గ్రానొలా రకం బంగాళదుంప వ్యాపించడంతో లెక్క మారిపోయింది. మూడు మూడున్నర నెలల పంట, ఏడాదికి రెండుసార్లు, కొందరైతే మూడుసార్లు కూడా వేస్తారు. ధర పలికిన సంవత్సరం చెక్క ఇళ్ళు పోయి రెండంతస్తుల మేడలు లేచాయి, మోటారుసైకిళ్ళు వచ్చాయి, దంపతులు కలిసి హజ్‌కి వెళ్ళొచ్చారు. 1998లో అధ్యక్షుడు సుహార్తో దిగిపోయాక ఒకటి రెండేళ్ళు సర్కారు మాట చెల్లని పరిస్థితి ఏర్పడింది. అప్పుడు అటవీ భూముల్లో చెట్లు నరికి దుంప వేసినవాళ్ళు చాలామంది. ఆ మచ్చలు కొండల మీద ఇంకా ఉన్నాయి.

పొలంలోకి వెళ్ళి చూడండి. చాళ్ళు కొండకు అడ్డంగా కాకుండా పైనుంచి కిందికి నిలువుగా ఉంటాయి. వ్యవసాయం చదివిన ఎవరికైనా చూడగానే గుండె గుభేలుమంటుంది, వాన నీరు సరాసరి మట్టిని తీసుకుని పోతుంది కాబట్టి. అడ్డంగా వేయమని వ్యవసాయ శాఖవాళ్ళు చెప్పని రోజు లేదు. రైతులకు తెలియక కాదు. ఇక్కడ వానాకాలం నవంబరు నుంచి ఏప్రిల్ దాకా దంచికొడుతుంది. అడ్డంగా చాళ్ళు పోస్తే నీరు నిలిచి దుంప కుళ్ళుతుంది, ఆకుమాడు తెగులు రెండు రోజుల్లో మడినంతా తినేస్తుంది. విత్తన దుంపకూ, కోళ్ళ ఎరువుకూ, మందులకూ పెట్టుబడి ముందే పెట్టేసి ఉంటారు. అందులో చాలా భాగం దుంప కొనే దళారి దగ్గర తెచ్చిన అప్పే. పదేళ్ళ తర్వాత పోయే మట్టి కోసం ఈ పంటను పణంగా పెట్టమంటే ఎవరు పెడతారు? అధికారులు రైతుల్ని మూర్ఖులన్నట్టు మాట్లాడినప్పుడల్లా నాకు చిరాకేస్తుంది. తప్పు లెక్కలో ఉంది, మనుషుల్లో కాదు.

గట్టి వాన పడ్డాక ఒకసారి వాలు అడుగున నిలబడి చూడాలి. చాళ్ళ మధ్య కాలువల్లో నీరు కాఫీ డికాషన్ రంగులో పారుతుంది. మడి అంచున రైతు ఒక గుంట తవ్వి ఉంచుతాడు. వాన వెలిశాక అందులో పేరుకున్న ఒండ్రును పారతో ఎత్తి, బుట్టలో నింపి, భుజాన వేసుకుని మళ్ళీ పైకి మోస్తాడు. పక్క మడివాడి మట్టి తన గుంటలో పడితే అది తన అదృష్టం. కొన్ని చోట్ల మట్టి పోయి రాయి తేలింది. అక్కడ కోళ్ళ ఎరువు బస్తాలకు బస్తాలు గుమ్మరించి దానిమీదే దుంప పండిస్తున్నారు. ఊళ్ళోకి అడుగుపెట్టగానే ముక్కుకు తగిలే వాసన అదే. హోమ్‌స్టే వాళ్ళు మొహమాటపడతారు గానీ మీరు పట్టించుకోకండి.

ఈ మట్టి ఎక్కడికి పోతుందో కూడా చెప్పాలి. సెరాయు నది పుట్టేది డియెంగ్‌లోనే. బీముడి పేరు పెట్టిన ఒక ఊట దగ్గర రాతి గొట్టాల్లోంచి సన్నగా పడుతుంది, చూడ్డానికి చాలా బాగుంటుంది. అక్కడి నుంచి బంజర్‌నెగర మీదుగా పోయి హిందూ మహాసముద్రంలో కలుస్తుంది. దారిలో మ్రిచ ఆనకట్ట ఉంది, 180 మెగావాట్ల జలవిద్యుత్ కేంద్రం, 1980ల చివర్లో పని మొదలుపెట్టింది. ఆ జలాశయం పూడికతో నిండిపోతోంది. దానికి మూలం పైన దుంప మడులే. కరెంటు కంపెనీ పూడిక తీయడానికి డబ్బు ఖర్చు పెడుతుంది, పై రైతు ఎరువుకి డబ్బు ఖర్చు పెడతాడు. పోయిన మట్టి ఒకటే.

పోయిన మట్టి సంగతి ఇలా ఉంటే, ఉన్న మట్టిలో పురుగు పడింది. దుంపల వేళ్ళకు పట్టే ఒక రకం నులిపురుగు, కంటికి కనపడనంత చిన్నది. వేళ్ళమీద ఆవగింజలో సగమంత పసుపుపచ్చటి తిత్తులు కనిపిస్తాయి, అంతే. జావాలో 2003లో తూర్పున బాతు ప్రాంతంలో మొదటిసారి కనుక్కున్నారు, తర్వాత డియెంగ్‌లోనూ బయటపడింది. విత్తనం ద్వారా, చెప్పులకంటిన మట్టి ద్వారా పాకుతుంది. తిత్తుల్లో గుడ్లు ఏళ్ళ తరబడి చావకుండా ఉంటాయి. ఇదే పురుగు మన నీలగిరుల్లో 1961 నుంచే ఉంది, ఊటీ రైతులు దానితో రెండు తరాలుగా వేగుతున్నారు. దీనికి మందు కంటే పంట మార్పిడే దారి. కానీ దుంప తప్ప ఇంకేం వేసినా ఆ డబ్బు రాదు. ఉల్లికాడలు, క్యారెట్, క్యాబేజీ వేస్తున్నారు గానీ అవన్నీ మధ్యలో ఊపిరి తీసుకోవడానికే.

సెంబుంగన్ ఎలా ఉంటుందంటే, ఒక పక్క చెబొంగ్ సరస్సు, మిగతా మూడు పక్కలా కొండవాలు, మధ్యలో ఇళ్ళు ఒకదానికొకటి ఆనుకుని ఇరుక్కుని ఉంటాయి. ఎక్కువ రేకు కప్పులే. మసీదు గుమ్మటం అన్నింటికన్నా ఎత్తు. ఇంటి వెనక గోడ దగ్గరే మడి మొదలవుతుంది, ఎందుకంటే పెరడు వదిలే స్థోమత ఎవరికీ లేదు. ఎండాకాలంలో సరస్సు నుంచి పంపులు పెట్టి నీళ్ళు పైకి తోడతారు. గొట్టాలు వీధుల్లో, కాలిబాటల్లో, చెట్ల మీద కూడా ఉంటాయి, చూసి నడవండి. పొద్దున్నే రబ్బరు బూట్లు, ఉన్ని టోపీ, భుజాల మీద లుంగీ కప్పుకుని ఆడా మగా పొలానికి బయల్దేరతారు. దుంప తవ్వే రోజుల్లో మడి నుంచి రోడ్డుదాకా బస్తాలు మోసేవాళ్ళకు బస్తా లెక్కన కూలి. దారిలేని చోటికి బంపర్లు, మడ్‌గార్డులు అన్నీ పీకేసిన మోటారుసైకిళ్ళు వస్తాయి. వాటి మీద రెండేసి బస్తాలతో ఆ వాలు దిగడం చూస్తే సర్కస్ ఎందుకూ పనికిరాదు. సాయంత్రం లారీలు సెమరాంగ్‌కో, జకార్తాలోని క్రామత్ జాతి మార్కెట్‌కో బయల్దేరతాయి.

జులై, ఆగస్టుల్లో రాత్రి ఉష్ణోగ్రత సున్నా కిందికి పోతుంది. తెల్లారేసరికి గడ్డి మీద, గుళ్ళ రాళ్ళ మీద తెల్లటి గడ్డమంచు. దాన్ని వాళ్ళు విషపు మంచు అంటారు, దాని పాలబడిన దుంప ఆకు మధ్యాహ్నానికి నల్లబడి వాలిపోతుంది కాబట్టి. ఈ మధ్య ఆ మంచు చూడ్డానికే నగరాల నుంచి జనం వస్తున్నారు. ఒకే ఇంట్లో ఒకళ్ళు గది అద్దెకిచ్చి సంపాదిస్తుంటే ఇంకొకళ్ళు పంట పోగొట్టుకుంటారు. చాలా కుటుంబాలు హోమ్‌స్టేలోకి దిగింది ఈ లెక్కతోనే.

ఇక గుళ్ళు. డియెంగ్‌లో మిగిలినవి ఎనిమిది. అర్జున, సెమర్, శ్రికండి, పుంతదేవ, సెంబద్ర ఒక వరసలో ఉంటాయి, గటోత్కచ, ద్వారవతి, బీమ విడిగా ఉంటాయి. జావాలో ఇప్పటికీ నిలబడి ఉన్న అతి పాత రాతి గుళ్ళలో ఇవి ఉన్నాయి. ఇక్కడ దొరికిన ఒక శాసనం మీద శకం 731 అని ఉంది, అంటే మన లెక్కలో 808 లేదా 809. జావాలోని పెద్ద బౌద్ధ స్తూపం బొరొబుదుర్ కట్టిన కాలానికి దగ్గరగా. ఇవి శివుడి గుళ్ళు. పాండవుల పేర్లు వందల ఏళ్ళ తర్వాత స్థానికులు పెట్టుకున్నవి, అసలు పేర్లు ఎవరికీ తెలియవు. 1814లో డచ్ ఇంజనీరు కొర్నేలియస్ చూసేసరికి అవి నీళ్ళలో మునిగి ఉన్నాయి, 1856లో నీరు తోడించి బయటకు తీశారు. అర్జున గుంపు చూస్తే మహాబలిపురం వెళ్ళొచ్చినవాళ్ళకి చుట్టరికం వెంటనే తెలుస్తుంది. చతురస్రపు గర్భగుడి, మెట్లుమెట్లుగా తగ్గుతూ పోయే పైకప్పు, ద్వారం మీద నోరు తెరిచిన సింహముఖం. బీమ గుడి వేరు. దాని శిఖరంలో గూళ్ళ నుంచి మనుషుల తలలు కిటికీలోంచి తొంగిచూస్తున్నట్టు బయటికి వస్తాయి. ఒక్కటే చూసే టైముంటే నేనైతే దానికే ఓటేస్తాను. అందరూ అర్జున దగ్గర ఆగిపోతారు.

పేర్లు వినగానే మన భారతమే అనుకుంటాం గానీ జావా భారతం వేరే దారి పట్టింది. అక్కడ తోలుబొమ్మల్లో శ్రికండి విలువిద్య తెలిసిన ఆడది, అర్జునుడి భార్య. ద్రౌపది ఒక్క పుంతదేవుడికే, అంటే ధర్మరాజుకే ఇల్లాలు. సెమర్ మన భారతంలో లేనే లేడు. లావుపాటి, కురచ మనిషి, పాండవుల సేవకుడు, విదూషకుడు, అయినా లోపల దేవుడు. దేవతల్ని కూడా కసిరే హక్కు అతనొక్కడికే ఉంది. డియెంగ్‌లో అతని గుడి ఎత్తు తక్కువగా, అడ్డంగా సాగి, అర్జున గుడికి ఎదురుగా కూర్చుని ఉంటుంది. పేరు పెట్టినవాళ్ళెవరోగానీ హాస్యం తెలిసినవాళ్ళు.

అక్కడివాళ్ళు హిందువులేనా అన్నారు. కాదు, సెంబుంగన్, డియెంగ్ అంతా ముస్లింలు. శుక్రవారం నమాజు, పిల్లలకు సాయంత్రం ఖురాన్ చదువు, రంజాన్‌కి ఊరొదిలి వెళ్ళినవాళ్ళంతా తిరిగి రావడం అన్నీ ఉంటాయి. గుళ్ళలో నిత్యపూజ లేదు, అవి పురావస్తు స్థలాలు. (జావాలో హిందువులే లేరని కాదు. తూర్పున బ్రోమో అగ్నిపర్వతం చుట్టూ ఉండే తెంగెర్ జనం నేటికీ హిందువులు.) అయినా పాత నమ్మకాలు పోలేదు, కొత్త మతంతో కలిసి కాపురం చేస్తున్నాయి. దానికి మంచి ఉదాహరణ జడలు కట్టే పిల్లలు.

డియెంగ్‌లో కొందరు పిల్లలకు రెండు మూడేళ్ళ వయసులో జ్వరం వచ్చి తగ్గాక జుట్టు దానంతటదే జడలు కడుతుందని చెప్తారు. ఈ ప్రాంతానికి మూలపురుషుడిగా చెప్పుకునే కొలొదెతె అంశ అని నమ్ముతారు. అలాంటి పిల్లల్ని గింబల్ అంటారు. ఆ జడ కత్తిరించాలంటే పెద్దల నిర్ణయం చాలదు, బిడ్డ నోటితో అడగాలి. అడిగేటప్పుడు ఒక కోరిక కూడా కోరుతుంది, ఆ కోరిక అక్షరాలా తీర్చాలి. తీర్చకుండా కోస్తే జడ మళ్ళీ వస్తుందట, బిడ్డకు జబ్బు చేస్తుందట. కోరికలు ఎలాంటివంటే ఒకరు సైకిలు, ఒకరు మేక, ఒకరు పలానా అంగట్లోని పలానా మిఠాయి. మన పుట్టు వెంట్రుకల మొక్కులో బిడ్డను అడిగేవాళ్ళుండరు, ఇక్కడ వ్యవహారమంతా బిడ్డ చేతిలో ఉంటుంది. కత్తిరించిన జుట్టును సముద్రం చేరాలని సరస్సులోనో, వాగులోనో వదులుతారు. ముస్లిం పెద్దే దువా చదువుతాడు. 2010 నుంచి డియెంగ్ కులొన్ ఊరివాళ్ళు దీన్ని పెద్ద ఉత్సవంగా గుళ్ళ ముందు జరుపుతున్నారు. ఆ రోజుల్లో గది దొరకడం కష్టం, పైగా ఫొటోగ్రాఫర్ల గుంపు మధ్య బిక్కచచ్చిపోయిన పిల్లల్ని చూడ్డం నాకు నచ్చదు. విడిగా ఒక ఇంట్లో జరిగేది పిలిస్తే వెళ్ళండి, అది వేరు.

మీలాంటి పంచాంగం చూసే ఇంటివాళ్ళకి ఇంకో సంగతి నచ్చుతుంది. జావావాళ్ళు కూడా శక సంవత్సరమే లెక్కపెడతారు. 1633లో మతరాం రాజు సుల్తాన్ అగుంగ్ కేలండర్‌ను ముస్లిం చాంద్రమానానికి మార్చాడు గానీ సంవత్సరం అంకెను మార్చలేదు, శకం 1555 దగ్గర నుంచే కొనసాగించాడు. చాంద్రమాన సంవత్సరం పదకొండు రోజులు పొట్టి కాబట్టి వాళ్ళు మనకంటే ముందుకెళ్ళిపోయారు. 2025లో మన ఉగాదికి శాలివాహన శకం 1947 మొదలైతే, అదే ఏడాది జూన్ చివర్లో వాళ్ళకి 1959 మొదలైంది. దీనికి తోడు ఏడు రోజుల వారంతో పాటు అయిదు రోజుల వారం కూడా నడుస్తుంది: లెగి, పహింగ్, పొన్, వగె, క్లివొన్. రెండూ కలిసి తిరిగి మొదటికి రావడానికి 35 రోజులు. బిడ్డ పుట్టిన 35వ రోజుకు వేడుక చేస్తారు. పెళ్ళి ముహూర్తానికి ఇద్దరి పుట్టినరోజుల అంకెలు కలిపి చూస్తారు. పాత సంతలు కూడా ఈ అయిదు రోజుల లెక్కనే సాగేవి, చాలా పట్టణాల్లో వగె సంత, క్లివొన్ సంత అనే పేర్లు మిగిలాయి.

పాలన గురించి క్లుప్తంగా. ఊరిపెద్దను ఎన్నుకుంటారు. 2014 నాటి గ్రామ చట్టం వచ్చాక కేంద్రం నుంచి నేరుగా ఊరి ఖాతాకు డబ్బు వస్తోంది. మడుల మధ్య సిమెంటు బాటలు, మురుగు కాలువలు ఎక్కువగా ఆ డబ్బుతో వేసినవే. 2024 సవరణతో ఊరిపెద్ద పదవీకాలం ఆరేళ్ళ నుంచి ఎనిమిదేళ్ళయింది, నాకైతే అది మంచి మార్పనిపించలేదు. ఊరి ఉద్యోగులకు జీతం బదులు సాగు చేసుకోవడానికి భూమి ఇచ్చే పద్ధతి జావాలో పాతది, మన కరణాల మాన్యాల్లాంటిదే. వీధిస్థాయిలో కొన్ని ఇళ్ళకు ఒక పెద్ద ఉంటాడు, ఆర్.టి. అంటారు, జపాన్ ఆక్రమణ కాలంలో మొదలైన ఏర్పాటు. మీరు రాత్రి బస చేస్తే ఇంటివాళ్ళు ఇరవై నాలుగు గంటల్లోపు ఆయనకు చెప్పాలి. పాస్‌పోర్టు అడిగితే కంగారుపడకండి.

పిల్లల విషయానికొస్తాను, ఇది జాగ్రత్తగా చదవండి. డియెంగ్ మొత్తం అగ్నిపర్వతాల సముదాయం. సికిడాంగ్ బిలం దగ్గర బురద కుతకుతలాడుతుంటే, పక్కనే భూతాప విద్యుత్ కేంద్రం గొట్టాలు రోడ్డు వెంట పోతుంటాయి. లావా పారే రకం కాదిది, ఇక్కడ చంపేది వాయువు. 1979 ఫిబ్రవరి 20 తెల్లవారుజామున సినిల బిలం పేలింది. కెపుచుకన్ ఊరివాళ్ళు పేలుడు నుంచి పారిపోతూ రోడ్డు పట్టారు. అదే సమయంలో నేలలోంచి వెలువడిన బొగ్గుపులుసు వాయువు (కార్బన్ డయాక్సైడ్) ఆ రోడ్డు పల్లంలో నిండింది. 149 మంది నడుస్తున్నవాళ్ళు నడుస్తున్నట్టే కూలిపోయారు. ఇళ్ళలోనే ఉండిపోయినవాళ్ళలో చాలామంది బతికారు. ఆ వాయువుకు రంగూ వాసనా లేవు, గాలికన్నా బరువు, నీళ్ళలా పల్లానికి పారుతుంది. తింబాంగ్ బిలం దగ్గర 2011లో, 2013లో మళ్ళీ వాయువు ఎక్కువై ఊళ్ళు ఖాళీ చేయించారు. సిలెరి బిలం 2017 జులైలో ఆదివారం సందర్శకుల మధ్యే పేలింది.

కాబట్టి బోర్డు పెట్టి కంచె కట్టిన చోట దాటొద్దు, ఫొటో కోసం కూడా వద్దు. గాలి ఆడని తెల్లవారుజామున బిలాల దగ్గర పల్లాల్లోకి దిగొద్దు. వాయువు నేలమట్టాన పేరుకుంటుంది కాబట్టి చిన్నపిల్లల ముక్కుకు అది ముందు తగులుతుంది, మీకు తెలిసేసరికి వాళ్ళకి ముప్పు వచ్చేస్తుంది. సెంబుంగన్, గుళ్ళు, తెలగ వర్ణ మామూలు రోజుల్లో భయపడాల్సినవి కావు. వెళ్ళే ముందు ప్రభుత్వ అగ్నిపర్వత విభాగం హెచ్చరిక స్థాయి ఏముందో చూసుకోండి, హోమ్‌స్టే వాళ్ళను అడిగినా చెప్తారు.

వాయువు కాకుండా కొండే మీద పడిన ఊరు ఒకటుంది. 1955 ఏప్రిల్‌లో ఒక రాత్రి పెంగమున్-అమున్ కొండ విరిగి లెగెతాంగ్ అనే ఊరిని పూర్తిగా పూడ్చేసింది. స్మారక స్తంభం మీద 332 మంది ఊరివాళ్ళు, వేరే ఊళ్ళ నుంచి వచ్చిన 19 మంది అతిథులు అని రాసి ఉంటుంది. ఆ ఊరు బాగా కలిగిన ఊరనీ, జనం కన్నూమిన్నూ కానక పాపాలు చేశారనీ, అందుకే దేవుడు శిక్షించాడనీ డియెంగ్‌లో ఎవర్నడిగినా చెప్తారు. కొండ మీద పెద్ద పగులు పడిందని గడ్డి కోసుకునేవాళ్ళు ముందే చూసి చెప్పారట, ఎవరూ పట్టించుకోలేదట, అది కూడా చెప్తారు. నాకు రెండో సగం ముఖ్యం. ఇప్పుడు ఆ స్తంభం చుట్టూ కూడా దుంప మడులే.

తిండి సంగతి చెప్పకపోతే మనవాళ్ళు ఊరుకోరు. వొనొసొబొలో దిగగానే "మీ ఒంగ్లొక్" అనే అక్కడి నూడుల్స్ వంటకం తినండి. నూడుల్స్, క్యాబేజీ, ఉల్లికాడలాంటి ఆకు చిన్న వెదురు బుట్టలో వేసి మరిగే నీళ్ళలో ముంచి లేపుతారు, పైన చిక్కటి గంజిలాంటి రసం పోస్తారు. శాకాహారులకు జాగ్రత్త: ఆ రసంలో ఎండురొయ్యల పొడి ఉంటుంది, పక్కన గొడ్డుమాంసం పుల్లలు పెడతారు. తెంపె కెముల్ అయితే నిశ్చింతగా తినొచ్చు. పులియబెట్టిన సోయా బిళ్ళను పసుపు వేసిన పిండిలో ముంచి వేయించే బజ్జీ, చలిలో వేడివేడిగా ప్రాణం లేచొస్తుంది. కారికా అని కొండ బొప్పాయి ఉంటుంది, అరచేతిలో పట్టేంత చిన్న కాయ, పచ్చిగా తినరు, పంచదార పాకంలో వేసి సీసాల్లో అమ్ముతారు. పుర్వచెంగ్ అనే మూలిక వేసిన కాఫీని మగవాళ్ళకు కన్ను గీటుతూ ఇస్తారు, దాని మహిమ మాటెలా ఉన్నా చలికి మంచిదే. ఊరి దుంపను ఊరికే వేయించి ఉప్పు చల్లి పెడతారు, అదొక్కటి తిన్నా చాలు.

మర్యాదల్లో మూడు నాలుగు తెలిస్తే చాలు. పెద్దాయన్ని పాక్ అని, పెద్దావిడను బు అని, కుర్రాడిని మాస్ అని పిలవండి. కూర్చున్న పెద్దల ముందు నుంచి వెళ్ళేటప్పుడు కాస్త వంగి, కుడిచెయ్యి ముందుకు చాపి "నువున్ సెవు" అనండి. వేలెత్తి చూపకుండా బొటనవేలితో చూపండి. ఇచ్చేది, పుచ్చుకునేది కుడిచేత్తోనే. ఎవరింట్లోనో ప్రార్థన భోజనం జరుగుతుంటే మీకూ అన్నం, కూర పెట్టిన పొట్లం ఇంటికి పంపుతారు, వద్దనకండి.

దారి: యోగ్యకర్తకో, సెమరాంగ్‌కో విమానంలో వచ్చి, వొనొసొబొకు కారు మాట్లాడుకోవడం తేలిక. అక్కడి నుంచి డియెంగ్‌కు మినీ బస్సులు తిరుగుతాయి, సెంబుంగన్‌కు మాత్రం సొంత బండో, మోటారుసైకిలో కావాలి. మే నుంచి సెప్టెంబరు దాకా పొడి కాలం. శని, ఆదివారాలు వద్దు, ఆ ఇరుకు రోడ్డు మీద కార్లు గంటలకొద్దీ నిలిచిపోతాయి. సోమవారం చేరుకుని రెండు రాత్రులు సెంబుంగన్‌లోనే పడుకోండి. ఒక పొద్దున సికునిర్‌కు, రెండో పొద్దున ఇంటివాళ్ళతో కలిసి మడిలోకి. చెప్పులు కాకుండా బూట్లు వేసుకోండి, తిరిగి వచ్చేటప్పుడు వాటికంటిన మట్టి అక్కడే గుమ్మం ముందు శుభ్రంగా కడిగేయండి, ఇందాక చెప్పిన పురుగు పక్క ఊరి మడిదాకా వెళ్ళేది అలాగే.